తుకారాం లిఫ్టు, కనకలక్ష్మి భయం

కనకలక్ష్మి గారు ఎవరింటికి వెళ్ళినా కూర్చునే ముందు కుర్చీని ఒకసారి ఊపి చూసేవారు. కొత్తవాళ్ళకి అది మర్యాద తక్కువ పనిగా కనిపించేది. నిజానికి ఆవిడకి మర్యాద ఎక్కువే. భయం ఇంకా ఎక్కువ, అంతే.

ఆ భయానికి అంతూ పొంతూ ఉండేది కాదు. కుక్కరు పొయ్యి మీద పెట్టి హాల్లోకి వచ్చి నిలబడేవారు, విజిళ్ళయ్యాకే మళ్ళీ వంటింట్లో అడుగు పెట్టేవారు. సికింద్రాబాద్ రైల్వే ఆఫీసులో గుమాస్తాకి భార్య అయ్యుండీ ఎంఎంటీఎస్ రైలంటే జంకేవారు. తలుపులు మూసుకోకుండానే బండి కదిలిపోతుందట. ఊళ్ళో కొత్తగా వచ్చిన షాపింగ్ మాల్‌లో మెట్లు వాటంతటవే పైకి పోతుంటే, అందరూ పిల్లల్ని వెంటేసుకుని చూడ్డానికి వెళుతున్న రోజులవి. ఈవిడ మాత్రం పక్కనున్న మామూలు మెట్లెక్కి, పైకెళ్ళి, ఆయాసపడుతూ భర్త కోసం నిలబడ్డారు. ఆ భర్త రమణబాబు గారు ఈ కథ నాకు చెప్పి చెప్పి నవ్వేవారు.

ఎందుకమ్మా ఇంత భయం అని ఒకసారి అడిగాను. చిన్నప్పుడు నూతిలో పడ్డారనో, చెట్టు మీంచి పడ్డారనో ఏదో ఒకటి చెబుతారని చెవులు రిక్కించాను.

"ఏటీ లేదు మాస్టారూ. అన్నీ పడిపోతాయి కదేటి, అందుకనీసి" అన్నారు.

నేను స్కూల్లో డ్రాయింగు మాస్టర్ని. మారేడ్‌పల్లిలో వాళ్ళూ మేమూ ఒకే మేడలో పైనా కిందా అద్దెకుండేవాళ్ళం. వాళ్ళది శ్రీకాకుళం దగ్గర నరసన్నపేట. అంత భయస్తురాలు చెక్కపనిలోకి ఎలా దిగారో చెప్పాలంటే ముందు అటక సంగతి చెప్పాలి. ఇంటి యజమాని వాళ్ళ పడగ్గదిలో మంచం మీదుగా చెక్క అటక వేయించాడు. ఆ రాత్రి నుంచి కనకలక్ష్మి గారు ఆ గదిలో పడుకోలేదు. రమణబాబు గారు అటక కింద గురక పెడుతుంటే ఆవిడ హాల్లో చాప మీద దొర్లేవారు. వారం తిరక్కుండా నా దగ్గరికొచ్చి స్క్రూడ్రైవరు అడిగారు. అటక విప్పి చూస్తే ఏముంది, వడ్రంగి మరలు తిప్పి బిగించలేదు, మేకుల్లాగ సుత్తితో దిగ్గొట్టేశాడు. చేత్తో లాగితే ఊడొచ్చాయి. ఆవిడ వాటిని కొంగులో మూటగట్టి తెచ్చి నాకు చూపించారు. ఆ తరవాత అటకని ఆవిడే బిగించుకున్నారు. ఆపైన గూళ్ళు, పీటలు, మడత బల్ల, అన్నీ స్వహస్తాలతోనే. ఇంకొకడు చేసినదాని కింద పడుకునే ధైర్యం లేక పనిమంతురాలైన మనిషిని ఈ భూమ్మీద ఈవిడ్నే చూశాను.

తుకారాం గారి షెడ్డుకి ఆవిడ్ని తీసుకెళ్ళింది నేనే. తుకారాం మిలిటరీలో మెకానిక్కుగా చేసి రిటైరైనవాడు. సైనిక్‌పురిలో సొంత ఇల్లు, ఇంటి వెనక రేకుల షెడ్డు. ప్రతి ఆదివారం పొద్దున మాలాంటి వాళ్ళం ఓ పది మందిమి అక్కడ చేరేవాళ్ళం. ఎవరు ఏం చేసినా తెచ్చి మధ్యలో పెట్టాలి. చేసినవాడు నోరు మూసుకుని కూర్చోవాలి. మిగిలినవాళ్ళు తలా ఒక లోపం, తలా ఒక ఉపాయం చెప్పాలి. 'బాగుంది' అనే మాట నిషేధం. అన్నవాడు లేచి అందరికీ చాయ్ పోయాలి. అంతా అయ్యాక ఆ వస్తువుని ముందు చేసినవాడే వాడి చూపించాలి. కుర్చీ అయితే తనే కూర్చోవాలి, నిచ్చెన అయితే తనే ఎక్కాలి.

"చేసినోడే ముందుగాల ఎక్కాలె. గదే కానూన్" అనేవాడు తుకారాం. మిలిటరీ లంగర్‌లో, అంటే వంటశాలలో, వంటవాడు తిన్నాకే జవాను తినాలన్న లెక్క అది. దాని మీద ఆయనకి దేవుడి మీదున్నంత నమ్మకం.

మిగతావాళ్ళం ఏదో ఒక లోపం వెతికి చెప్పేవాళ్ళం. రంగు బాలేదనో, మూల సరిగ్గా కలవలేదనో. కనకలక్ష్మి గారి వంతు వచ్చేసరికి అందరం కాస్త సర్దుకుని కూర్చునేవాళ్ళం. ఆవిడ వస్తువుని చూసేవారు కాదు, అది పడిపోవడాన్ని చూసేవారు. "ఇదెలా పడుద్ది?" అని మొదలెట్టి, ముందు ఏది ఊడుద్దో, తరవాత ఏది విరుగుద్దో, కింద ఎవరుంటారో వరసగా చెప్పేవారు. చెబుతుంటే ఆవిడ మొహమే పాలిపోయేది.

భానుప్రకాశ్ అని సాఫ్ట్‌వేర్ కుర్రవాడొకడు మాతో వచ్చేవాడు. కూతురి కోసం పైనొకటి కిందొకటి ఉండే మంచం చేసి, ఫొటోలు ముందే ఇంటర్నెట్‌లో పెట్టాడు. పుణె నుంచీ చెన్నై నుంచీ పొగడ్తలు వచ్చిపడ్డాయి. షెడ్డుకి తెచ్చాక కనకలక్ష్మి గారు దాని నిచ్చెన మెట్ల మధ్య సందులో తన రెండు పిడికిళ్ళూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసి, "పాప తలకాయ ఇందులో దూరిపోద్ది బాబూ. దూరిందంటే మరి వెనక్కి రాదు" అన్నారు. అతను నవ్వేశాడు. ఇంటికెళ్ళి పాప తల కొలుచుకున్నట్టున్నాడు, మర్నాటికి ఆ నిచ్చెన ఊడదీసేశాడు. అప్పట్నుంచి ఆవిడ్ని 'అమ్మా' అని పిలవడం మొదలెట్టాడు.

ఆ ఏడు తుకారాం లిఫ్టు మొదలుపెట్టాడు.

అప్పట్లో సైనిక్‌పురిలో ఖాళీ గదంటూ ఉంటే చాలు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు అద్దెకి దిగిపోయేవాళ్ళు. తుకారాం కూడా కింది వాటా వాళ్ళకిచ్చి, భార్య కమలాబాయితో మేడ మీదికి మారాడు. మారిన కొన్నాళ్ళకే కమలాబాయి గారి మోకాళ్ళు పట్టేశాయి. మెట్లు చూస్తే ఇరుకు, పైగా మధ్యలో మలుపు. ఆవిడ కిందికి దిగి రెండేళ్ళు దాటింది. మేం షెడ్డులో వాదులాడుకుంటుంటే పైన బాల్కనీలో పీట వేసుకుని అన్నీ వింటూ ఉండేవారు. సకినాలు చేస్తే బుట్టకి తాడు కట్టి మాకోసం కిందికి దించేవారు.

"నేను సుత బుట్టల గూసుంటే దించుతరా?" అని నవ్వేవారు.

నవ్వులాటకి అనుకున్నది తుకారాంకి పట్టింది. ఇనప కమ్మీలతో మనిషి నిలబడేంత పంజరం చేశాడు. మేడ పైన పిట్టగోడ మీదుగా బయటికి ఒక ఇనప దూలం నిలిపి, దాని కొసకి గిలక బిగించాడు. తీగ తాడు ఆ గిలక మీంచి కిందికొచ్చి, చేత్తో తిప్పే చక్రానికి చుట్టుకునేది. బాల్కనీ కటకటాలు ఒకచోట కోసి చిన్న తలుపు పెట్టాడు. ఆషాఢంలో సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళికి జరిగే లష్కర్ బోనాల నాటికి భార్యని కిందికి దించాలని ఆయన పట్టుదల.

"మా అమ్మ ఉన్నప్పటిసంది ఒక్క యేడు తప్పలే. రెండేండ్లసంది అమ్మవారి మొకం జూడలే కనకమ్మా. ఈసారి నా చేతులతోని బోనమిస్త" అన్నారు కమలాబాయి గారు, బాల్కనీ మీంచి.

వారం వారం లిఫ్టు మీదే మా చర్చ. చక్రం వెనక్కి తిరగకుండా పళ్ళ కొక్కెం పెట్టమని భానుప్రకాశ్ అన్నాడు. పంజరం అడుగున చెక్క పరవమని నేనన్నాను. కనకలక్ష్మి గారి భయాలకైతే అంతే లేదు. తాడు తెగితే? రెండో తాడు వచ్చింది. తలుపు మధ్యలో తెరుచుకుంటే? గొళ్ళెం వచ్చింది. తిప్పేవాళ్ళ చెయ్యి చెమటకి జారితే? పిడికి గోనెగుడ్డ చుట్టారు. ఆవిడ చెప్పిన ప్రతిదీ తుకారాం చేశాడు, ఒక్కదానికీ విసుక్కోలేదు.

అన్నీ చెప్పిన మనిషి ఒక్కటి మాత్రం నోట రానివ్వలేదు. ఒక ఆదివారం బస్సులో తిరిగొస్తూ చాలాసేపు కిటికీలోంచి చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"మాస్టారూ, కమలాబాయి వదినగారు ఎంత బరువుంటారంటారు?"

"నన్నడుగుతారేం? వెళ్ళి ఆవిడ్నే అడగండి" అని నవ్వాను.

ఆవిడ నవ్వలేదు. బరువు మాట ఎత్తితే కమలాబాయి గారు ఏమవుతారో మా అందరికీ తెలుసు. ఏదో పెళ్ళిలో ఎవరో చుట్టం, రెండు కుర్చీలు వేయండర్రా అన్నాడట. ఆ పూట అన్నం ముట్టకుండా వచ్చేశారు, ఆ తరవాత పెళ్ళిళ్ళకే వెళ్ళడం మానేశారు. మనిషి స్థూలకాయం. అది కంటికి కనబడుతూనే ఉంది. కంటికి కనబడేదాన్ని నోటితో అనకపోవడమే కదా మన మర్యాద. పైగా మేం మాట్లాడే ప్రతి ముక్కా బాల్కనీలోకి వినిపిస్తుంది.

కనకలక్ష్మి గారు ఒకసారి తుకారాంకి ఫోను చేసి డొంకతిరుగుడుగా అడిగి చూశారట.

"ఒక మనిషికి సరిపోతది చెల్లే. నువ్వు ఊకె ఫికర్ జేస్తవ్. నేను ఎక్కినంకనే గద ఆమెని ఎక్కిస్త" అన్నాడాయన.

ఆయన ఎక్కినంకనే! తుకారాం ఎంతుంటాడని? పూచికపుల్ల. గట్టిగా గాలొస్తే చొక్కా పట్టుకుని ఆపాలి.

బోనాల ముందు ఆదివారం పరీక్ష పెట్టారు. ఉదయం ఎండగానే ఉంది. కమలాబాయి గారు ఆకుపచ్చ పట్టుచీర కట్టి, తలలో పూలు పెట్టుకుని, బాల్కనీ తలుపు దగ్గర నిలబడ్డారు. బోనాలు వచ్చే వారం కదా అంటే, "కిందికి దిగుడే నాకు పండుగ" అన్నారు.

నియమం ప్రకారం తుకారాం ముందెక్కాడు. నేనూ భానుప్రకాశ్ చక్రం తిప్పాం. వెన్నలా పైకి వెళ్ళింది. పైన భార్యకి సెల్యూట్ కొట్టి, మళ్ళీ కిందికి దిగాడు. చప్పట్లు మోగాయి. ఎవరో ఉండబట్టలేక 'బాగుంది' అనేశారు కూడా.

కనకలక్ష్మి గారు చప్పట్లు కొట్టలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డారు. పైట చెంగు వేలికి చుట్టి విప్పుతూ, చివరికి, "అన్నయ్యా, మనుషులెక్కే ముందు ఓపాలి బస్తాలెక్కించి చూద్దామండీ" అన్నారు.

పక్కనే అపార్ట్‌మెంటు కడుతున్నారు. సిమెంటు బస్తాలకి కొదవ లేదు, మేస్త్రీ తెలిసినవాడే. బస్తా ఒకటికి యాభై కిలోలు.

"ఎన్ని బస్తాలు గావాలె కనకమ్మా?"

ఆ మాట అన్నది తుకారాం కాదు. పైనుంచి కమలాబాయి గారు. నవ్వుతూనే అడిగారు. కానీ కళ్ళలో నవ్వు లేదు.

నేను నా చెప్పులకేసి చూసుకున్నాను. భానుప్రకాశ్ చక్రానికి లేని మురికి తుడవడం మొదలెట్టాడు. కనకలక్ష్మి గారు తలెత్తి బాల్కనీకేసి చూశారు.

"ఒకటి... ఒకటి చాలండి వదినా" అన్నారు.

కమలాబాయి గారి మొహం వికసించింది. ఒక బస్తా ఎక్కించాం. ఒక బస్తా అంటే మరో తుకారాం. అది పైకి వెళ్ళక ఏం చేస్తుంది? వెళ్ళింది, వచ్చింది. మళ్ళీ చప్పట్లు. కనకలక్ష్మి గారు మాత్రం ఆనుకున్న గోడ వదల్లేదు. ఆ లిఫ్టుకి ఆవిడ తన నోటితోనే యోగ్యతాపత్రం ఇచ్చేసినట్టయింది. ఇంక భయపడేవాళ్ళెవరూ మిగల్లేదు. మామూలుగా ఎవరి భయానికి మేమందరం ఆగేవాళ్ళమో ఆవిడే ఒకటి చాలన్నారు.

బస్తా దించేశాం. ఖాళీ పంజరం పైకి పంపాం. అది బాల్కనీకి ఆనుకుని ఆగింది. కమలాబాయి గారు 'అమ్మా ఉజ్జయినీ మహంకాళీ' అని దండం పెట్టుకుని, గొళ్ళెం మీద చెయ్యి వేశారు.

అప్పుడు పరిగెత్తారు కనకలక్ష్మి గారు. ఏ మెట్లయినా గోడ పట్టుకుని ఒక్కొక్కటే ఎక్కే మనిషి, ఆ ఇరుకు మెట్లు ఎలా ఎక్కారో మాకు కనబడలేదు. కనబడేసరికి బాల్కనీలో పంజరానికీ కమలాబాయి గారికీ మధ్య నిలబడి ఉన్నారు. రెండు చేతులూ చాపారు.

"ఎక్కకండి వదినా."

"ఏందమ్మా? ఒకటి చాలంటివి గద?"

"అబద్ధం చెప్పీసాను. మీరు బాధపడతారనీసి చెప్పీసాను." ఆవిడ గొంతు కీచుగా వచ్చింది, ఏడుపు కలిసిపోయింది. "ఒకటి కాదు. రెండు కావాలి. రెండు మీద ఇంకో సగం కావాలి. మీరు అంతుంటారు వదినా. నేను చూస్తునే ఉన్నాను, మీరు అంతుంటారు!"

చెంపదెబ్బ పడుతుందనే అనుకున్నాను. కమలాబాయి గారు చెయ్యెత్తలేదు. పంజరం వైపు ఒకసారి, కింద నిలబడ్డ మావైపు ఒకసారి చూశారు. మేమంతా ఆ మాట విన్నామని ఆవిడకి తెలుసు. మెడ దగ్గర్నుంచి పైకి ఎర్రబడిపోయారు.

"సరే. ఎక్కియ్యుండ్రి" అన్నారు. "రెండున్నర ఎక్కియ్యుండ్రి. నేను ఈడనే నిలవడి సూస్త. ఏం గాకపోతే, కనకమ్మా, మల్ల నా ఇంటి గడప తొక్కకు."

"అలాగే వదినా" అన్నారు కనకలక్ష్మి గారు.

పంజరం దించి బస్తాలెక్కించాం. నిండువి రెండు, సగం ఖాళీ అయినదొకటి. తుకారాం మొహంలో నెత్తురు చుక్క లేదు. భార్యకి జరిగిన అవమానానికి మండిపడుతున్నాడో, లోపల ఆయనకీ భయం మొదలైందో చెప్పలేను. ఎవర్నీ ముట్టనివ్వలేదు, తనే చక్రం పట్టుకున్నాడు. పిడి బరువెక్కింది. కొక్కెం పన్ను పన్నుకీ టక్కుమంటోంది. తాళ్ళు బిగిసి సన్నగా మూలుగుతున్నాయి. మేమందరం తాళ్ళకేసే చూస్తున్నాం. తాళ్ళు గట్టివే. కనకలక్ష్మి గారు మాత్రం తల పైకెత్తి ఇంకెక్కడో చూస్తున్నారు.

పంజరం సగం దాటింది. బాల్కనీ అంచు దాకా వచ్చింది. కమలాబాయి గారు ఒక అడుగు ముందుకి వేశారు.

"గోడ!" అని అరిచారు కనకలక్ష్మి గారు. "గోడ వచ్చీస్తంది!"

తాడు తెగలేదు. కొక్కెం జారలేదు. మేడ పైన, దూలాన్ని నిలిపిన పిట్టగోడే ఇటుకలకి ఇటుకలు విడిపోయి ముందుకి వంగింది. లిఫ్టులో ప్రతి మరా బిగించి చూసుకున్నాం. ఎప్పుడో కట్టిన ఇంటి గోడని ఎవరూ తట్టి చూడలేదు. దూలం కొస బాల్కనీ కటకటాలకి తగిలి పైకెగిరింది. తరవాత అంతా కిందికొచ్చేసింది. దూలం, ఇటుకలు, పంజరం, బస్తాలు. నేల అదిరింది. నేను తుకారాంని చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం కలిసి పడ్డాం.

బస్తాలు పగిలి సిమెంటు లేచింది. బూడిద రంగు మబ్బు ఒకటి మేడని మింగేసింది. ముక్కులో, నోట్లో, కళ్ళలో అదే. బాల్కనీ కనబడలేదు. ఇల్లే కనబడలేదు.

"కమలా!" అన్నాడు తుకారాం.

జవాబు లేదు. పక్క సైటులో పనివాళ్ళు తట్టలు వదిలేసి చూస్తున్నారు.

"కమలా! ఓ కమలా!"

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. చేతుల మీద పాకుతూ ఆ ఇటుకల కుప్ప దగ్గరికి పోయి, కమ్మీలు పక్కకి లాగుతూ కింద వెతకడం మొదలెట్టాడు. ఆవిడ అడుగు ముందుకి వేయడం ఆయన కూడా చూశాడు. నేను దగ్గరికి పోలేకపోయాను. ఆ కమ్మీల కింద ఆకుపచ్చ రంగు కనబడుతుందేమోనని నాకు భయం. భానుప్రకాశ్ కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

మబ్బు నెమ్మదిగా పల్చబడింది. ముందు కటకటాలు తేలాయి, వంగిపోయి ఉన్నాయి. వాటి వెనక, గోడ వారగా, ఇద్దరు ఆడవాళ్ళు నేల మీద కూలబడి ఉన్నారు. ఇద్దరూ ఒకటే బూడిద రంగు. కనకలక్ష్మి గారు కమలాబాయి గారి నడుం చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకున్నారు. ఆ చేతులు అందక వెనకాల వేళ్ళు కలవలేదు, చీరని గుప్పిళ్ళతో బిగించారు. కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు టకటకలాడుతున్నా వదల్లేదు.

"కమలా..." తుకారాం ఇటుకల మధ్య మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు.

కమలాబాయి గారు దగ్గారు. కొంగుతో మొహం తుడుచుకున్నారు. తరవాత కిందికి చూసి, మేమంతా ఉన్నామని తెలిసే, పక్క సైటు పనివాళ్ళకి కూడా వినబడేలా గట్టిగా చెప్పారు.

"నూట పద్దెనిమిది."

ఎవరికీ ఒక్క క్షణం అర్థం కాలేదు.

"నా బరువు. నూట పద్దెనిమిది కిలోలు. పోయిన యేడు ఇంటికొచ్చిన డాక్టరమ్మ తూకమేసింది."

సిమెంటు పట్టిన తుకారాం మొహం మీద కన్నీళ్ళు చారలు కట్టాయి.

"మరి నాకెందుకు జెప్పలే కమలా?"

"నువ్వు అడిగినవా?" అన్నారావిడ. "ఇంతమందితోని ఇన్ని వారాలు గా మరల గురించి అడిగినవ్, తాళ్ళ గురించి అడిగినవ్. నన్ను ఒక్కసారన్న అడిగినవా?"